తక్కువ ఖర్చులో హుషారైన గేరు కారు: వరంగల్ వైపు సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు

మూడు నుంచి ఆరు లక్షల్లో నడిపితే మజా వచ్చే గేరు కారు కావాలనుకునేవాళ్లు మొదట అడిగేది ‘పికప్ ఎట్లుంటది?’ అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. బండి బరువెంత అన్నది మొదటిది. క్లచ్, గేర్లు, సస్పెన్షన్ ఎంత బిగువుగా ఉన్నాయన్నది రెండోది. 85 హార్స్‌పవర్ ఉన్న తేలిక కారును రెండు, మూడు గేర్లలో ఇంజన్ గొంతు విప్పేదాకా లాగొచ్చు. హనుమకొండ దాటి ములుగు రోడ్డెక్కితే ఆ పని రోజూ కుదురుతుంది. దానికి రెట్టింపు పవరున్న బండిలో రెండో గేరు సగం కూడా వాడకముందే ఎదురుగా వడ్ల ట్రాక్టర్ కనిపిస్తుంది.

ఈ లెక్కన మొదటి పేరు స్విఫ్ట్ పెట్రోల్. ప్రతి గల్లీలో ఉండేదే కదా అని తీసిపారేయకండి. సామాన్లు, మెకానిక్కులు, కొనేవాళ్లు అంతటా దొరకడం దాని బలం. 2011లో వచ్చిన రెండో తరం పెట్రోల్ బండి బరువు 960 కిలోల దగ్గర ఉంటే, 2018 ఫిబ్రవరిలో వచ్చిన మూడో తరం 860 దగ్గరికి దిగింది. ఇంజన్ మాత్రం దాదాపు అదే 1.2 లీటర్ల కె-సిరీస్. వెనక సీట్లోంచి ఒకటిన్నర మనిషిని దించేసినంత తేడా ఇది, మలుపుల్లోనూ బ్రేకుల్లోనూ తెలుస్తుంది. పైగా 2018 నుంచి స్విఫ్ట్ అన్ని వేరియంట్లకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ముందు రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. పాత తరంలో కింది వేరియంట్లకు ఇవి లేని బండ్లు చాలా తిరుగుతున్నాయి. హుషారుగా నడపడానికే కొంటున్నప్పుడు ఏబీఎస్ లేని బండి వైపు చూడొద్దు. 2021లో మార్చిన ఇంజన్ 90 హార్స్‌పవర్ దగ్గరికి చేరింది. అది దొరికితే ఇంకా మంచిది.

రెండో తరం పెట్రోల్ సుమారు రెండున్నర నుంచి నాలుగు లక్షలు, మూడో తరం నాలుగున్నర నుంచి ఆరు అనుకోండి. బేరమాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీలోపు ఇంజన్ ఉన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర దిగాక పాత బండికి పాత రేటు చెప్పేవాడితో మాట్లాడటం దండగ.

స్విఫ్ట్ ఇంజన్‌తోనే ఇగ్నిస్ కూడా ఉంది. కొంచెం పొడుగు మనిషిలా కనిపిస్తుంది గానీ తేలిక బండి, సిటీలో భలే చలాకీ. ఇంకా తక్కువలో కావాలంటే 2010 నాటి పాత ఆల్టో కె10: 750 కిలోల దగ్గర బరువు, 67 హార్స్‌పవర్. రెండు లక్షల లోపు సరదా అంటే అదే, కానీ ఏబీఎస్ ఉండదు, గుద్దుకుంటే కాపాడేది తక్కువ. హైవే మీద వాడేవాళ్లకు చెప్పను.

డీజిల్ గురించి. 1.3 మల్టీజెట్ ఇంజన్ మారుతి, ఫియట్, టాటా బండ్లు చాలావాటిలో తిరిగింది. అందుకే పరకాలలోనైనా విప్పగలిగేవాళ్లున్నారు. కానీ 2,000 ఆర్పీఎం లోపల అది నిద్రపోతుంది, దాటితే ఒక్కసారి తోస్తుంది. ఆయిల్ సరిగ్గా మార్చని బండిలో టైమింగ్ చెయిన్ సాగి, పొద్దున మొదటి స్టార్ట్‌లో గలగలమంటుంది. ఫోర్డ్ ఫిగో 1.5 డీజిల్ (2015 తర్వాతిది, 100 హార్స్‌పవర్, 215 ఎన్ఎం టార్క్) ఈ ధరలో చాలా గట్టిగా లాగుతుంది, స్టీరింగ్ కూడా బాగుంటుంది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి హెడ్‌లైట్, బంపర్ లాంటి బాడీ సామాను కోసం ఎదురుచూడాల్సి రావచ్చని తెలిసే కొనాలి. ఫియట్ పుంటో రోడ్డును పట్టుకునే తీరుకు సాటి లేదంటారు, నిజమే. కానీ ఇంజన్ తప్ప మిగతా సామాను కోసం హైదరాబాద్ చుట్టూ తిరగాలి. ఉన్న ఒక్క బండే పుంటో అయితే కష్టం.

టర్బో పెట్రోల్‌లలో 2017 నాటి బలెనో ఆర్ఎస్ (102 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు), 2020లో వచ్చిన గ్రాండ్ ఐ10 నియోస్ టర్బో (100 హార్స్‌పవర్, 172 ఎన్ఎం), అదే ఏడాది వచ్చిన పోలో 1.0 టీఎస్ఐ (110 హార్స్‌పవర్, ఆరు గేర్లు) గట్టి బండ్లు. సర్వీసు రికార్డు పూర్తిగా ఉంటేనే ముట్టుకోండి. ఆయిల్ ఆలస్యంగా మారిస్తే ముందు దెబ్బతినేది టర్బోనే, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం. ఇక్కడ రెండు చోట్ల మోసపోతారు. పోలో మీద ‘జీటీ టీఎస్ఐ’ అని చూసి గేరు బండి అనుకోవద్దు, 2020కి ముందువి ఆటోమేటిక్‌లే. ఐ20 ఎన్ లైన్ 2021లో వచ్చినప్పుడు గేరు రాడ్ ఉంది గానీ క్లచ్ పెడల్ లేదు, దాన్ని ఐఎంటీ అన్నారు. మూడు పెడళ్ల అసలు మాన్యువల్ 2023 సెప్టెంబర్‌లోనే వచ్చింది.

బండి ఏ నీళ్లు తాగింది

మన వైపు కొనేవాళ్లు అన్నిటికంటే ముందు చూడాల్సింది వరద బండి కాదు కదా అని. 2020 ఆగస్టులో, 2023 జూలై చివర్లో, మళ్లీ 2025 అక్టోబర్ చివర మొంథా తుఫానుకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబర్‌లో మున్నేరు పొంగి ఖమ్మం మునిగింది. ఇంటి ముందు నిలబెట్టిన కార్లు సీట్ల దాకా నీళ్లలో నానాయి. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ రాసిన బండ్లు వేలంలో అమ్ముడుపోయి, కడిగి, సెంటు కొట్టి, మళ్లీ బజారుకొస్తాయి.

సీట్ బెల్టును చివరిదాకా గుంజండి. ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు పట్టీ మీద బురద గీత ఉంటే అక్కడితో అయిపోయింది. కొత్త బెల్టు వేసి ఉంటే, నాలుగేళ్ల బండికి బెల్టు ఎందుకు మార్చారని అడగాలి. సీటు కింద పట్టాలు, వాటి బోల్టులు తుప్పు పట్టాయా, బోల్టు తలల మీద పానా గీతలున్నాయా చూడాలి. సీట్లు ఊరికే ఎవరూ విప్పరు. కార్పెట్ అంచు లేపి కింది ఫోమ్‌ను వేళ్లతో నొక్కండి, అది నెలల తరబడి తడి పట్టుకుంటుంది. డిక్కీలో స్టెప్నీ గుంత, ఫ్యూజ్ బాక్స్ వెనక వైర్ల కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము, హెడ్‌లైట్ లోపల ఆవిరి కూడా అంతే. ఏసీ పెట్టగానే మట్టి వాసన వస్తే, ‘వానాకాలం కదా అన్నా’ అన్న మాట వినొద్దు.

గేరు బండి కాబట్టి ఇంకో పరీక్ష ఉంది. షెడ్డులో లిఫ్ట్ ఎక్కించి గేర్‌బాక్స్ ఫిల్లర్ బోల్టు విప్పించండి. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చే చిన్న బ్రీదర్ గొట్టం ఉంటుంది. బండి మునిగితే ఆ దారినే నీళ్లు లోపలికి పోతాయి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. నల్లబడితే పాతదని మాత్రమే అర్థం. కింది డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిద రంగు పేస్టు కొంచెం అంటుకోవడం మామూలే, మెరిసే ముక్కలు గుచ్చుకుంటే గేర్ల పళ్లు లేదా బేరింగ్ పోతోంది. ఈ పరీక్షకు మజూరీ వందల్లోనే అవుతుంది, తప్పే నష్టం వేలల్లో.

క్లచ్, గేర్లు: గంటసేపు ఇక్కడే గడపండి

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లటి స్టార్ట్‌లో ఏదో దాస్తున్నారు. స్టార్ట్ అయ్యాక గేరు న్యూట్రల్‌లో ఉంచి, అద్దాలు దించి చెవి పెట్టండి. క్లచ్ నొక్కినప్పుడు కీచుమని లేదా గరగరమని శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్. తిరగేసి, క్లచ్ వదిలినప్పుడు రొద ఉండి, నొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. మొదటిది క్లచ్ సెట్‌తో పాటు పోతుంది. రెండోదానికి గేర్‌బాక్స్ విప్పాలి, ఆ బండిని వదిలేయడమే మేలు.

తర్వాత క్లచ్ పూర్తిగా నొక్కి, మూడు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చాలా బండ్లలో రివర్స్‌కు సింక్రో (గేర్ల వేగాలు కలిపి మెత్తగా పడేలా చేసే రింగు) ఉండదు. అందుకే ఆగకుండా వేస్తే కొంచెం గొణగడం సహజం. ఆగి వేసినా గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడిపోవట్లేదు. మారుతి చిన్న బండ్లలో చాలావాటికి క్లచ్ కేబుల్ ఉంటుంది, దాన్ని సరిచేస్తే కొన్నిసార్లు అంతటితో పోతుంది. హైడ్రాలిక్ క్లచ్ బండ్లలో పెడల్‌ను నాలుగైదు సార్లు గబగబా పంపు కొట్టి చూడండి. క్లచ్ పట్టే చోటు మారితే గాలి చేరింది, లేదా కింది సిలిండర్ కారుతోంది.

క్లచ్ ప్లేటు ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ఖాళీ రోడ్డు కావాలి. ఇంజన్ వేడెక్కాక నాలుగో గేరులో 40 కిలోమీటర్ల స్పీడు దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. స్పీడుతో పాటే ఆర్పీఎం ముల్లు నిదానంగా ఎక్కాలి. ముల్లు ముందు ఎగిరి, బండి తర్వాత అందుకుంటే ప్లేటు జారుతోంది. కాజీపేట రైల్వే బ్రిడ్జి లాంటి ఎత్తు మీద ఆపి, ఫస్ట్ గేరులో మెల్లగా కదిలించండి. బండి మొత్తం గజగజ వణికితే ప్రెజర్ ప్లేటు లేదా ఫ్లైవీల్ ముఖం పాడయ్యాయి, కాదంటే ఇంజన్ మౌంటింగులు పోయాయి. మారుతి పెట్రోల్ బండికి క్లచ్ సెట్, మజూరీ కలిపి పది వేలకు అటూ ఇటూ. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (వణుకు తగ్గించడానికి రెండు ముక్కలుగా చేసిన ఫ్లైవీల్) ఉన్న టర్బో డీజిల్‌కు అది కూడా మార్చాల్సి వస్తే ఖర్చు చాలా రెట్లు పెరుగుతుంది. కాబట్టి అలాంటి బండి మీద ఈ పరీక్షలో వచ్చే చిన్న అనుమానానికి కూడా ధర తగ్గించమని అడగొచ్చు.

సింక్రోలు ముందు రెండో గేరులోనే అరుగుతాయి. మూడో గేరులో 40 దగ్గర నుంచి రెండుకు దించండి. తోస్తే గానీ పడకపోతే, లేదా గర్రుమంటే సింక్రో అయిపోయింది. డబుల్ క్లచ్ చేస్తే, అంటే న్యూట్రల్‌లో క్లచ్ ఒకసారి వదిలి మళ్లీ నొక్కితే, పడుతుంది గదా అనేవాళ్లుంటారు. అమ్మేవాడికి ఆ విద్య వచ్చు, మీకు రోజూ ఆ అవస్థ ఎందుకు? రెండులోనూ మూడులోనూ గట్టిగా లాగి ఒక్కసారి యాక్సిలరేటర్ వదలండి. రాడ్ మీద చెయ్యి తీసేసి చూడాలి. రాడ్ ఎగిరి న్యూట్రల్‌కు వస్తే లోపల ఫోర్కు లేదా హబ్ అరిగింది. అదే న్యూట్రల్‌లో రాడ్ అటూ ఇటూ వదులుగా ఊగితే భయపడొద్దు. ఎక్కువసార్లు అది లింకేజీ బుష్‌ల పని, తక్కువ ఖర్చుతో గేర్లు కొత్త బండిలా టకటకా పడతాయి. మజా కోసం పెట్టే ఖర్చుల్లో ఇంతకంటే లాభమైనది లేదు.

ఇంకో మాట. డ్రైవింగ్ స్కూల్ బండి కాదని తేల్చుకోండి. పక్క సీటు కాళ్ల దగ్గర మ్యాట్ లేపి చూస్తే, రెండో సెట్టు పెడళ్లు బిగించిన రంధ్రాలు గానీ, వాటిని మూసిన రబ్బర్లు గానీ కనిపిస్తాయి. రోజుకు పదిమంది చేతుల్లో ఎడాపెడా పడిన క్లచ్ అది. సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండ్లదీ దాదాపు అదే కథ.

రోడ్డు మీద

సిటీలో స్పీడ్ బ్రేకర్ల మీద రేడియో కట్టేసి, అద్దాలు దించి పోనివ్వండి. చిన్న గతుకులకు ముందు నుంచి టకటక వస్తే స్టెబిలైజర్ లింక్ రాడ్లు, చవకే. బ్రేక్ వేసినప్పుడు ఒక్క ‘టక్’ వస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే కటకటమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. తర్వాత రింగ్ రోడ్డు మీద 80 దాకా వెళ్లి, వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేక్ తొక్కండి. బండి ఒక పక్కకు గుంజితే కాలిపర్ పట్టేసింది. పెడల్, స్టీరింగ్ వణికితే డిస్కులు వంకరపోయాయి.

గనుల వైపు, అంటే గోదావరిఖని, భూపాలపల్లి రోడ్ల మీద తిరిగిన బండికి సస్పెన్షన్ బుష్‌లు, విండ్‌షీల్డ్ రెండూ ముందే అరుగుతాయి. రామగుండం ఎండలో నిలబెట్టిన బండికి టైర్ల పక్క గోడలు పగులుతాయి. టైరు మీద నాలుగు అంకెల ముద్ర చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే పువ్వు (ట్రెడ్) ఎంతున్నా ధరలోంచి టైర్ల ఖర్చు తీసేయమనండి. 185/65 ఆర్15 సైజువి నాలుగూ ఇరవై వేలకు అటూ ఇటూ.

బాడీ గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దీన్ని మంచి టింకర్ అయితే పది నిమిషాల్లో తేలుస్తాడు. డోర్ రబ్బర్ బీడింగ్ లాగితే పిల్లర్ మీద కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుండ్రటి గుంటలు వరుసగా కనిపించాలి. బానెట్ కింద ఆప్రాన్ (ఇంజన్‌కు రెండు పక్కల ఉండే లోపలి రేకు) మీద కూడా అంతే. డోర్ మార్చినా ఫెండర్ మార్చినా పెద్ద ఇబ్బంది లేదు, పిల్లరు, ఆప్రాన్, ఛాసీ ముక్కలు కోసి అతికిస్తే ఆ బండి మలుపులో మీరు అనుకున్న చోటికి పోదు. పెయింట్ మీటర్ ఉంటే కంపెనీ రంగు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు, అయిదొందలు దాటితే కింద లప్పం ఉంది.

‘సింగిల్ హ్యాండ్, డాక్టర్ సార్ బండి, షోరూం ట్రాక్’ అన్న మూడు మాటలు ప్రతి బ్రోకర్ నోటా వింటారు. మూడింటికీ కాగితం అడగండి. షోరూంలో నంబర్ ఇస్తే సర్వీసు తేదీలు, అప్పటి రీడింగులు తెలుస్తాయి. మీటర్ తిప్పితే అక్కడ దొరుకుతుంది. పాలసీ కాగితంలో నో క్లెయిమ్ బోనస్ ఎంతో చూడండి. అది ఏటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. నాలుగేళ్లు ఒకే ఓనర్ చేతిలో, పూర్తి ఇన్సూరెన్స్‌తో ఉన్న బండికి బోనస్ సున్నా అంటే ఆ మధ్య క్లెయిమ్ అయింది. ఏం క్లెయిమో అడిగాక ఆప్రాన్ మళ్లీ చూడండి.

కాగితాలు

ఆర్సీ వివరాలు ఎంపరివాహన్ యాప్‌లో చూసి, ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 (ఆర్సీ మీద అప్పు రాత తీసేయడానికి) ముందే తెప్పించుకోవాలి. ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30. పోలీసుల ఈ-చలాన్ సైటులో బాకీలు చూసి అమ్మేవాడితోనే కట్టించండి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చుకోకపోతే రేపు బండి దెబ్బతిన్నప్పుడు కంపెనీ చేతులెత్తేస్తుంది. పాత ఓనర్ బోనస్ మీకు రాదు, అతని దగ్గరే ఉంటుంది.

ఆదిలాబాద్, మంచిర్యాల వైపు మహారాష్ట్ర నంబర్ (ఎంహెచ్-31, ఎంహెచ్-34) బండ్లు చవకగా కనిపిస్తాయి, ఢిల్లీ డీజిల్ బండ్లు ఇంకా చవక. వాటికి అక్కడి ఎన్‌ఓసీ (ఫారం 28) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క వేసుకున్నాక చవక చాలాసార్లు మిగలదు. ఆర్సీ గడువు 15 ఏళ్లు. 2012 బండి కొంటే 2027లో ఫిట్‌నెస్, రెన్యూవల్, గ్రీన్ ట్యాక్స్ ఉన్నాయని గుర్తుంచుకోండి. సీఎన్‌జీ కిట్ తీసేసిన బండిలో ఆర్సీ మీద ఇంధనం ఏం రాసుందో చూడాలి.

కొన్న వారంలో

చేతిలో ఉన్న డబ్బంతా బండి మీద పెట్టకండి. నాలుగున్నర లక్షలుంటే నాలుగు లోపు బండి చూసి, మిగతాది మొదటి నెలకు ఉంచండి. గేర్ ఆయిల్‌ను చాలామంది లక్ష కిలోమీటర్లు దాటినా ముట్టుకోరు. స్విఫ్ట్ తరహా బండికి రెండు లీటర్లకు అటూ ఇటూ పడుతుంది. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి, చిక్కటిది పోస్తే పొద్దున రెండో గేరు మొరాయిస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి, డాట్ 4 అయితే డాట్ 4. కూలెంట్, ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు ఎలాగూ మార్చాలి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లు చాలావరకు ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ కోసం చేసినవి కావు. కాబట్టి పెట్రోల్ రబ్బర్ పైపులు గట్టిపడ్డాయా, పగిలాయా చూసి మార్పించుకోండి.

లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు వేశాకే వీల్ అలైన్‌మెంట్, ముందు చేయిస్తే డబ్బు వృథా. టైర్ల గాలి డ్రైవర్ డోర్ పిల్లర్ మీది స్టిక్కర్ ప్రకారం, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మైలేజీ కోసం నాలుగు పాయింట్లు ఎక్కువ కొట్టే అలవాటు ఇక్కడ ఉంది, దాంతో మలుపులో పట్టు పోతుంది.

తాడ్వాయి అడవి రోడ్డో, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాటో తర్వాత ఎలాగూ పోతారు. కోతల కాలంలో మాత్రం మలుపు అవతల రోడ్డు మీద మక్కలు ఆరబోసి ఉంటాయి. వాటి మీద ఏబీఎస్ ఉన్న బండి కూడా జారుతుంది, మలుపుకు ముందే మూడు నుంచి రెండుకు దించి ఉండాలి.